టేపుగారి తీర్పు

2025 నవంబరు 19 తెల్లవారుజామున మూడు దాటింది. గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్కులో అప్పటికింకా ముందురోజు రాత్రే. స్కాట్లాండ్ 4-2తో డెన్మార్క్‌ను ఓడించి, 1998 తరువాత మొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు వెళ్తోంది. మధ్యగీత దగ్గర నుంచి కెనీ మెక్లీన్ కొట్టిన ఆఖరి బంతి అవతలి గోలులో పడగానే నేను పెట్టిన కేకకు మా ఆవిడ లేచి వచ్చి, ఎవరికి ఏమయిందని అడిగింది. మనవాళ్లకేమీ కాలేదు, స్కాట్లాండ్‌కు అయిందని చెప్పాను. ఆమె చూసిన చూపు ఈ వ్యాసానికి సంబంధించినది కాదు.

సంబంధించినది ఆ జట్టు కెప్టెన్. పేరు ఆండీ రాబర్ట్‌సన్, ఆడేది లెఫ్ట్ బ్యాక్, అంటే రక్షణలో ఎడమ పక్క. పుట్టింది గ్లాస్గోలో. చిన్ననాటి నుంచి అభిమానించింది గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్బును. చేరింది ఆ క్లబ్బు అకాడమీలోనే. పదిహేనేళ్లు వచ్చాక ఆ క్లబ్బు అతణ్ణి పొట్టివాడని పంపించేసింది. ఆ తరువాత అతను యూరప్‌లోని అతి పెద్ద కప్పు గెలిచాడు, ఇంగ్లాండ్ లీగు రెండుసార్లు గెలిచాడు, 2018 నుంచి దేశానికి కెప్టెన్‌గా ఉన్నాడు. ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. నేను వీటి గురించి రాయడానికి కూర్చోలేదు. మా తోడల్లుడి గురించి రాయడానికి కూర్చున్నాను.

ఆయన ఒక పెద్ద కంపెనీలో ముప్పై ఏళ్లు మానవ వనరుల విభాగాన్ని నడిపి పదవీ విరమణ చేశాడు. మనుషులను వనరులుగా చూసి చూసి ఆ కన్ను అలాగే నిలిచిపోయింది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని కూడా కూర్చోబెట్టి, వచ్చే అయిదేళ్లలో తమరు ఎక్కడ ఉండదలచారని అడిగే రకం. ఆ రోజు పొద్దున్నే ఫోను చేసి, సావకాశంగా అన్నాడు: “సెల్టిక్ వాళ్లను అందరూ ఆడిపోసుకుంటున్నారు గానీ అన్నయ్యగారూ, ఆనాటి పరిస్థితుల్లో అది సరైన నిర్ణయమే.”

ఆనాటి పరిస్థితుల్లో! ఈ మాట నా పంటి కింద రాయిలా పడి ఇంతవరకు బయటికి రాలేదు. ఆనాడంటే 2009. గ్లాస్గోలో ఆ సంవత్సరం యుద్ధం లేదు. కరవు లేదు. ఎత్తయిన కుర్రవాళ్లను మాత్రమే ఉంచుకోవాలని బ్రిటిష్ పార్లమెంటు చట్టమేదీ చేయలేదు. ఆనాటి పరిస్థితి ఒక్కటే. ఆ కుర్రవాడి వయసు పదిహేనేళ్లు. ఆ వయసులో పిల్లవాడు పొట్టిగా ఉండడం పరిస్థితి కాదు, పని జరుగుతోందని అర్థం. ఇల్లు కడుతుండగా వెళ్లి, పైకప్పు లేదు కాబట్టి ఈ ఇల్లు పనికిరాదని రాసి వచ్చిన ఇంజనీరును ఆనాటి పరిస్థితుల్లో సరిగ్గానే రాశాడని మెచ్చుకుంటామా?

ముందు ఒక మాట గురించి తేల్చుకోవాలి. ఫుట్‌బాల్ క్లబ్బులు తమకు వద్దనుకున్న పిల్లలను ‘రిలీజ్’ చేస్తాయి. మన భాషలో విడుదల. ఎంత మంగళకరమైన మాట! జైలు నుంచి ఖైదీ విడుదలవుతాడు, బయట దండలతో జనం ఉంటారు. సాగర్ గేట్లెత్తి నీరు విడుదల చేస్తారు, ఆయకట్టు రైతుకు ప్రాణం లేచి వస్తుంది. సినిమా విడుదలవుతుంది, కటౌట్లకు పాలు పోస్తారు. ఇన్ని శుభాల మధ్య, పదిహేనేళ్ల పిల్లవాణ్ణి పిలిచి ‘నాయనా, నీకు విడుదల’ అంటే వాడు ఏమనుకోవాలి? ఇన్నాళ్లూ బందీగా ఉన్నానని సంతోషించాలా? వాకిలి తెరిచి గెంటడానికి గెంటడమనే పేరు ఉండగా దాన్ని వాడరు. మా తోడల్లుడి వృత్తిలోనూ ఉద్యోగం ఊడగొట్టడానికి ఆ పేరు వాడరట. ఆయన హయాంలో దాన్ని ‘స్వేచ్ఛ కల్పించడం’ అనేవారని ఆయనే గర్వంగా చెప్పాడు.

సరే, ఆ గదిలో నేను లేను. మా తోడల్లుడూ లేడు. అయినా ఆయన ఆ నిర్ణయాన్ని సమర్థించగా లేనిది, నేను ఆ సమావేశాన్ని ఊహించుకుంటే తప్పేమిటి?

ఒక పొడవాటి బల్ల. చుట్టూ అయిదుగురు పెద్దలు. బయట గ్లాస్గో వాన. మధ్యలో బిస్కట్ల పళ్లెం, దాని పక్కన, పట్టుగుడ్డ మీద, దర్జీ టేపు. ఆ టేపు సంఘంలో సభ్యుడు కాదు, అధ్యక్షుడు. అందరూ దానికేసి ఒకసారి చూసి కూర్చున్నారు.

“తరువాతి కుర్రవాడు?”

“ఆండీ. ఎడమ వైపు. పరుగు బాగుంది. ఆగడం తెలియదు. బంతి పోతే మళ్లీ తెచ్చుకునేదాకా వెంటపడతాడు,” గుమాస్తా చదివి వినిపించాడు.

“అవన్నీ తరువాత. ఎత్తు?”

టేపు విప్పారు. గది నిశ్శబ్దమైంది. అయిదడుగులు అనుకుందాం, నా ఊహ కాబట్టి.

“గోలు ఎత్తెంత?” అని అడిగాడు ఒక పెద్దమనిషి, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

“ఎనిమిది అడుగులండీ.”

“కుర్రవాడు అయిదు. లోటు మూడు. ఆ మూడు అడుగులు ఎవరు పూడుస్తారు?”

ఎవరూ మాట్లాడలేదు. మూల కూర్చుని లెక్కలు రాసుకుంటున్న గుమాస్తా మాత్రం, అది గోల్‌కీపరు చూసుకునే సంగతి కదా అన్నట్టు గొణిగాడు. అతనికి టీ తెమ్మని పని చెప్పారు.

“తలతో కొట్టే హెడర్లు ఎలా గెలుస్తాడు?”

“ఎగిరి, అండీ.”

“ఎగిరినప్పటి ఎత్తు మన నమోదు పుస్తకంలో లేదు. దానికి గడి లేదు.”

“బంతి మరి ఎక్కువసేపు నేల మీదే కదండీ దొర్లేది?” టీ తెచ్చిన గుమాస్తా మళ్లీ అన్నాడు. ఈసారి బిస్కట్లు తెమ్మన్నారు. పళ్లెంలో బిస్కట్లు ఉండగానే.

“ఇంకా పెరుగుతాడేమో?” ఒక మెత్తని మనిషి సందేహించాడు.

“పెరిగితే అప్పుడు చూద్దాం.”

“అప్పటికి మన దగ్గర ఉండడు కదా?”

“ఉండడు కాబట్టే, పెరిగినా మన లెక్క తప్పదు. మనం కొలిచింది ఈ రోజు. ఈ రోజుకు మన కొలత సరైనది.” అధ్యక్షులవారిని చుట్టి డబ్బాలో పెట్టారు. ఆనాటి పరిస్థితులు పుట్టింది ఆ డబ్బాలోనే.

మూడు అడుగులంటే మనకు వేరే కథ తెలుసు. బలి చక్రవర్తి కూడా వచ్చినవాడి ఎత్తు చూసే మోసపోయాడు. పొట్టి బ్రహ్మచారి, అడుగుతున్నది మూడడుగులు, ఇందులో పోయేదేముంది అనుకున్నాడు. పోయిందేమిటో తలమీద అడుగు పడ్డాక తెలిసింది. అయితే ఆయన పక్కన కనీసం శుక్రాచార్యుడు ఉన్నాడు. వద్దన్నాడు, కమండలం గొట్టంలో దూరి అడ్డుపడ్డాడు, దర్భపోటుకు కన్ను పోగొట్టుకున్నాడు. సెల్టిక్ సంఘంలో ఒంటికన్నుతో చూసే మనిషి కూడా లేకపోయాడు.

వేరే ఏ క్లబ్బు ఈ పని చేసినా నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాను. ఇది సెల్టిక్. 1967లో లిస్బన్‌లో యూరోపియన్ కప్పు గెలిచి, ఆ కప్పు ఎత్తిన మొదటి బ్రిటిష్ జట్టుగా పేరు పొందిన క్లబ్బు. ఆ జట్టులో అందరూ తమ మైదానానికి ముప్పై మైళ్ల లోపు పుట్టినవాళ్లేనని నేటికీ చెప్పుకుని ఛాతీ విరుచుకునే క్లబ్బు. ఆ జట్టులో కుడి పక్కన ఆడినవాడు జిమ్మీ జాన్‌స్టన్. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలకు మించదు. మన రెండు రాష్ట్రాల్లో మగవారికి కానిస్టేబులు ఉద్యోగానికి కావలసిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు. అంటే జిమ్మీ గనుక ఇక్కడ పుట్టి ఉంటే కొలత దగ్గరే ఇంటికి పంపేవారు. ఆయన ఇక్కడ పుట్టలేదు కాబట్టి, 2002లో సెల్టిక్ అభిమానులు ఆయనను తమ క్లబ్బు చరిత్రలోనే అందరికన్నా గొప్ప ఆటగాడిగా ఎన్నుకున్నారు. 2008 డిసెంబరులో క్లబ్బు తన స్టేడియం ముందు ఆయన విగ్రహం నిలబెట్టింది.

2008 డిసెంబరు. కుర్రవాణ్ణి పొట్టి అని పంపించింది 2009.

కంచులో పోసిన పొట్టివాడికి గుమ్మం ముందు దండ, కండ ఉన్న పొట్టివాడికి గుమ్మం బయటికి దారి. ఈ రెండు పనుల మధ్య ఒక సంవత్సరం కూడా పూర్తిగా గడవలేదు. విగ్రహానికి కొలతలు తీసుకున్నది కూడా ఆ టేపేనా అని నాకు అప్పుడప్పుడు అనుమానం వస్తుంది.

పోలీసు కొలతకైనా ఒక న్యాయం ఉంది. వాళ్లు పద్దెనిమిదేళ్లు నిండినవాణ్ణి కొలుస్తారు, అప్పటికి ఎముక చాలావరకు ఆగి ఉంటుంది. మగపిల్లలు అన్నిటికన్నా వేగంగా పెరిగేది సగటున పద్నాలుగేళ్ల చుట్టుపక్కల. కొందరిలో ఆ దూకుడు ముందే వస్తుంది, కొందరిలో పదిహేను, పదహారు దాటాక. ఇది వైద్యరహస్యం కాదు. గుమ్మం చెక్క మీద పెన్సిలు గీతలు గీసే ప్రతి అమ్మమ్మకూ తెలుసు. ఎదిరింటి వాడు జానెడు ఎక్కువున్నాడని మనవణ్ణి మార్చుకుని తెచ్చుకున్న అమ్మమ్మ మాత్రం నేటి వరకు కనపడలేదు. క్లబ్బులకు ఈ పని వారంవారం అలవాటు. ఒకే సంవత్సరంలో పుట్టినవాళ్లలో మొదటి నెలల పిల్లలు కొంచెం పెద్దగా ఉంటారు, కొంచెం బలంగా ఉంటారు, అకాడమీలు వాళ్లనే ఎక్కువగా తీసుకుంటాయి. అలా తీసుకున్నవాళ్లకు మంచి శిక్షణ అందుతుంది, అందువల్ల వాళ్లు బాగా ఆడతారు, చూశారా మేము సరిగ్గానే ఎంచామని క్లబ్బు అంటుంది. ఈ వలయం గురించి పరిశోధకులు దశాబ్దాలుగా రాస్తున్నారు. బెల్జియం ఫుట్‌బాల్ సంఘం ఆలస్యంగా పెరిగే పిల్లల కోసం విడిగా జాతీయ జట్లే పెట్టింది. ఇంగ్లాండ్‌లో పుట్టిన తేదీని పక్కన పెట్టి, ఎదుగుదలను బట్టి పిల్లలను జట్లుగా కలిపి ఆడించి చూశారు. ఉపాయాలకేమీ లోటు లేదు. వాటన్నిటిలోకీ చవకైనది ఇంకోటి ఉంది. ఆగడం.

డిఫెండర్‌కు ఎత్తు కావాలి కదా అని మా తోడల్లుడు అడ్డు తగిలాడు. కావాలి. పాపం ఫాబియో కన్నవారోకు ఎవరూ చెప్పలేదు. మీటరు 76 సెంటీమీటర్ల ఎత్తుతో, రక్షణ మధ్యలో నిలబడి, 2006లో ఇటలీకి ప్రపంచ కప్పు ఎత్తి, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ కూడా పట్టుకుపోయాడు. 2014లో జర్మనీకి కప్పు అందుకున్న కెప్టెన్ ఫిలిప్ లామ్ మీటరు 70. రాబర్టో కార్లోస్ ఇంకా పొట్టి, ఆయన తొడలను కొలిచే టేపు వేరే ఉండాలి. ఇంతకూ మన రాబర్ట్‌సన్ ఎక్కడ ఆగాడో చెప్పలేదు. మీటరు 78. కన్నవారో కన్నా రెండు సెంటీమీటర్లు పొడుగు.

సెల్టిక్ పంపించాక అతణ్ణి తీసుకున్నది క్వీన్స్ పార్క్. 1867లో పుట్టిన, స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా పాత క్లబ్బు. అప్పటికి ఆటగాళ్లకు జీతం ఇచ్చే ఆచారం కూడా లేదు, ఆట కోసమే ఆట అన్నది వాళ్ల లాటిన్ నినాదం. వాళ్లు అప్పట్లో ఆడుకున్నది హాంప్‌డెన్‌లోనే. యాభై వేల కుర్చీలు, కొన్ని వందల మంది జనం. కుర్రవాడు సాయంత్రం అక్కడ ఆడేవాడు, పగలు అదే స్టేడియంలో ఫోన్లు ఎత్తి ఇతరుల ఆటలకు టిక్కెట్లు అమ్మేవాడు. 2012 ఆగస్టులో, పద్దెనిమిదేళ్ల వయసులో, చేతిలో డబ్బు లేకపోతే ఈ వయసులో బతుకు చెత్త, నాకొక ఉద్యోగం కావాలి అని ట్విట్టర్‌లో రాసుకున్నాడు. అప్పుడు అతను ఆడుతున్నది స్కాట్లాండ్ నాలుగో అంచె లీగులో.

తరువాతిది టేపు పని కాదు, లెక్కల పుస్తకం పని. 2013లో డండీ యునైటెడ్. ఒక్క సీజను. 2014లో హల్ సిటీ అతని కోసం డండీకి కట్టింది 28.5 లక్షల పౌండ్లు. 2017లో లివర్‌పూల్ హల్‌కు కట్టింది 80 లక్షలు. డండీకి ముట్టింది, హల్‌కు ముట్టింది. సెల్టిక్‌కు? ఆనాటి పరిస్థితులు ముట్టాయి.

లివర్‌పూల్‌లో అతను చేసినవన్నీ రాస్తే పత్రిక చాలదు. ఒక్కటి మాత్రం వదలలేను. 2018 జనవరి 14, తమ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మాంచెస్టర్ సిటీ మీద ఆట. ఆ సీజనులో లీగులో సిటీకి అప్పటివరకు ఓటమి లేదు. రాబర్ట్‌సన్ ఒక బంతి వెంట పడ్డాడు. వాళ్లు దాన్ని ఇంకొకడికి ఇచ్చారు, వాడి వెంట పడ్డాడు. వాడు ఇంకొకడికి ఇచ్చాడు, వాడి వెంటా పడ్డాడు. తన చోటు వదిలేసి, మైదానం నిలువునా దాటి, గోల్‌కీపర్ ఎడెర్సన్ దాకా వెళ్లాడు, అక్కడి నుంచి మళ్లీ ఇంకొకడి మీదికి. అప్పుతీర్చని వాళ్ల వీధిలో వసూలుకు తిరిగే మనిషిలా ఒక్కొక్క గడపా ఎక్కి దిగాడు. చివరికి ఫౌల్ అయింది. ఫలితం సున్నా. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. సంఘం సభలో గుమాస్తా చదివిన మాట గుర్తుందా? బంతి పోతే మళ్లీ తెచ్చుకునేదాకా వెంటపడతాడు. (గుమాస్తా నా కల్పనే, కానీ నాకు అతని మీద గౌరవం పెరిగిపోతోంది.) ఆ ఆట లివర్‌పూల్ 4-3తో గెలిచింది. తరువాతి సంవత్సరం జూన్ 1న మాడ్రిడ్‌లో టోటెన్‌హామ్‌ను 2-0తో ఓడించి చాంపియన్స్ లీగ్. అంటే పేరు మారిన ఆ పాత యూరోపియన్ కప్పే. గ్లాస్గో కుర్రవాడు గెలిచాడు, గ్లాస్గో క్లబ్బుకు కాదు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. సెల్టిక్ అకాడమీ నుంచే కీరన్ టియర్నీ అనే మంచి లెఫ్ట్ బ్యాక్ వచ్చాడు. 2019లో ఆర్సెనల్ అతని కోసం 2.5 కోట్ల పౌండ్లు ఇచ్చింది. డెన్మార్క్ మీద మూడో గోలు కొట్టిందీ అతనే. ఒప్పుకున్నాను. కానీ టియర్నీ వెళ్లిన ఆ వేసవిలోనే ఎడమ వైపు కోసం సెల్టిక్ సుమారు 30 లక్షల పౌండ్లు పోసి బోలి బోలింగోలి అనే బెల్జియం ఆటగాణ్ణి తెచ్చింది. 2020 ఆగస్టులో, కరోనా రోజుల్లో, అతను ఎవరికీ చెప్పకుండా స్పెయిన్ వెళ్లి వచ్చి, క్వారంటైన్‌లో ఉండకుండా ఒక ఆట కూడా ఆడాడు. ప్రభుత్వం మండిపడింది, సెల్టిక్ ఆటలు వాయిదా పడ్డాయి. అతని ఎత్తు గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇదంతా చదివి వినిపించాక మా తోడల్లుడు నవ్వి, తన రెండో వాక్యం తీశాడు. “అసలు ఆ దెబ్బ తగలబట్టే కదా అన్నయ్యగారూ, అంతటివాడయ్యాడు. సెల్టిక్‌కు థాంక్స్ చెప్పుకోవాలి.”

దీనికి మర్యాదగా జవాబు రాయడానికి మూడుసార్లు ప్రయత్నించాను. రావడం లేదు. ఇది అబద్ధం. పిల్లవాణ్ణి గెంటినవాడు, వాడు తిరిగి లేచాక వచ్చి, ఆ లేవడంలో వాటా అడగడం సిగ్గులేనితనం. చెరువులోకి తోసినవాడు ఈత నేర్పిన గురువు ఎప్పుడయ్యాడు? పదిహేనేళ్లవాడు తను ప్రాణంగా చూసుకున్న జెర్సీని మడిచి తిరిగి ఇచ్చి, బడికి వెళ్లి, ఏమయిందిరా అని అడిగే స్నేహితుల మధ్య కూర్చోవాలి. వాడు చేసిన తప్పు ఏమిటి? పెరగలేదు. దానికి వాడు ఏ సాధన చేయాలి? ఆ గది నుంచి అలా బయటికి వచ్చిన పిల్లలందరిలో మనకు పేరు తెలిసినది తిరిగి లేచినవాడిదే. మిగిలినవాళ్లు బూట్లు అటక మీద పడేశారు. వాళ్లను ఎవరూ ఇంటర్వ్యూ చేయరు, వాళ్లకు తగిలిన దెబ్బ వాళ్లను ఏమి చేసిందో ఎవరికీ పట్టదు. మనకిది కొత్తా? ఇదే పదిహేనేళ్ల వయసులో మన పిల్లలను వారాంతపు పరీక్షలో నాలుగు మార్కులు తగ్గితే కింది సెక్షనులోకి తోస్తాం. ర్యాంకు వచ్చినవాడి ఫొటో బస్టాండు ఎదుట హోర్డింగు మీదికి ఎక్కుతుంది. తోసేసిన సెక్షను నుంచి వాడొక్కడు పైకి వస్తే, చూశారా, తోయబట్టే కసి పుట్టిందని తోసినవాళ్లే వేదికెక్కి చెబుతారు. ఆ సెక్షనులో మిగిలిపోయిన అరవైమందికి హోర్డింగు ఎవడు కడతాడు?

తమ కొలత తప్పిందని ఒక్క మాట అనడానికి ఈ పెద్దలకు ఎందుకంత కష్టం? ఆగలేకపోయాం, తొందరపడ్డాం, పిల్లవాడా, మాదే తప్పు. ఇంతే కదా. ఇది అనకుండా తప్పించుకోవడానికి కాదూ, ఆనాటి పరిస్థితులను అంత భద్రంగా డబ్బాలో దాచుకున్నది!

మా తోడల్లుడు కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, తన ఉద్యోగకాలంలో గొంతు వినగానే మనిషి ఎంతవాడో చెప్పేసేవాణ్ణని అన్నాడు. అయితే ఒక పని చేయమన్నాను. హాంప్‌డెన్‌లో టిక్కెట్ల ఫోన్లు ఇప్పుడు తెగ మోగుతుంటాయి. అవతల ఎవరో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఎత్తుతూ ఉంటాడు. ఒకసారి ఫోను చేసి, గొంతు విని, ఎత్తెంతో చెప్పమన్నాను. అంతర్జాతీయ కాలు ఖర్చు నాదే.